బడి స్కోరు తగ్గిందంటే ఏం తగ్గినట్టు?

(అమెరికాలో ఎలిమెంటరీ స్కూలు పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. సెలవు రోజున కూడా పిల్లల పరీక్షల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే టెన్షన్ ఏ స్థాయిలో ఉందో అర్థమవుతోంది. ఆ టెన్షన్ పిల్లలది కాదు, మనది. పిల్లలు పరీక్ష రాసిన మర్నాటికే మర్చిపోయి ఉంటారు.

నేరుగా విషయంలోకి వస్తాను. తెర మీద ఉన్న కాగితం చూడండి. ఇది నిజం స్కూలు కాదు, లెక్క కోసం నేను అల్లింది. మూడో గ్రేడ్‌లో 60 మంది పిల్లలు. నిరుడు రాష్ట్ర పరీక్షలో మ్యాత్స్‌లో 'ప్రొఫిషియెంట్' అనిపించుకున్నవాళ్లు, అంటే ఆ గ్రేడ్‌కి చాలినంత వచ్చని పెట్టిన గీత దాటినవాళ్లు, 72 శాతం. ఈ ఏడు 63 శాతం. తొమ్మిది పాయింట్లు పడిపోయింది. ఇలాంటి కాగితం మీ స్కూలు నుంచి వస్తే ఏమనుకుంటారు? కొత్త ప్రిన్సిపాల్ వచ్చాక స్కూలు పాడైపోయింది అనుకునేవాళ్లు చేతులెత్తండి. మొహమాటపడకండి. సరే, సగం మంది పైనే ఉన్నారు.

ఇప్పుడు శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెడదాం. 60 మందిలో 72 శాతం అంటే 43 మంది. 63 శాతం అంటే 38 మంది. తేడా అయిదుగురు. ఒక పిల్ల జనవరిలో వేరే ఊరు వెళ్లిపోయింది, ఆ అమ్మాయి మ్యాత్స్‌లో గట్టిది. ఇద్దరు ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు కొత్తగా చేరారు. ఒకడికి పరీక్ష రోజున జ్వరం. మరొకడు ఒక్క ప్రశ్న తేడాతో గీతకి ఇవతలే ఆగిపోయాడు. అయిదుగురూ తేలిపోయారు. ఇందులో ప్రిన్సిపాల్ చేసిందేముంది?

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. నిరుడు మూడో గ్రేడ్ రాసిన పిల్లలు ఈ ఏడు నాలుగులో ఉన్నారు. ఇప్పుడు మూడు రాసినవాళ్లు వేరే పిల్లలు. 'తగ్గింది' అంటున్నాం గానీ, ఏ ఒక్క పిల్లవాడి స్కోరూ 72 నుంచి 63కి తగ్గలేదు. రెండు వేర్వేరు గుంపుల్ని పక్కపక్కన నిలబెట్టి చూస్తున్నాం, అంతే.

ఈ 60 మంది ఒక పెద్ద గుంపులోంచి యథాలాపంగా వచ్చి చేరారనుకుని లెక్క కట్టండి. ఒక ఏడాది శాతంలో అటూ ఇటూ ఆరు పాయింట్ల ఊగిసలాట సహజంగానే ఉంటుంది. రెండేళ్ల మధ్య తేడాకి వచ్చేసరికి రెండు ఊగిసలాటలూ కలిసి అది ఎనిమిది దాటుతుంది. అంటే టీచర్లు, పుస్తకాలు, పాఠం చెప్పే తీరు ఏదీ మారకపోయినా, దాదాపు మూడేళ్లకోసారి ఎనిమిది పాయింట్లకి మించి పెరగడమో తగ్గడమో వట్టిగానే జరిగిపోతుంది. పెరిగిన ఏడు స్కూలు గేటుకి బ్యానర్ కడతారు. తగ్గిన ఏడు మీటింగ్ పెడతారు. రెండింటికీ కారణం ఒకటే కావచ్చు.

ఇది నేను కనిపెట్టింది కాదు. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లోనే ఈ విషయం మీద గట్టి పరిశోధన ప్రచురించారు. స్కూళ్ల స్కోర్లలో ఏటేటా కనిపించే మార్పుల్లో చాలా భాగం నిలిచేది కాదని, అందులోనూ చిన్న స్కూళ్లలో ఊగిసలాట మరీ ఎక్కువని చూపించారు. దీనివల్ల ఒక చిత్రమైన సంగతి జరుగుతుంది. 'బాగా మెరుగుపడ్డ స్కూళ్లు' జాబితా తీస్తే పైన చిన్న స్కూళ్లే ఉంటాయి. 'బాగా దిగజారిన స్కూళ్లు' జాబితా తీసినా చిన్న స్కూళ్లే ఉంటాయి. మొదటి జాబితా ఒక్కటే చూసినవాళ్లు స్కూలు చిన్నదైతే చదువు బాగుంటుందని రాసేస్తారు. రెండోది తిరగేసి చూసేవాళ్లు తక్కువ.

కాబట్టి ఒక్క ఏడాది ఒక్క గ్రేడ్ అంకె పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. మూడు, నాలుగు, అయిదు గ్రేడ్లు కలిపి మూడేళ్ల సగటు తీయండి. మనం అనుకున్న స్కూల్లోనే చూస్తే 60 కాస్తా 540 అవుతుంది. అప్పుడు కూడా మెట్టు మెట్టుగా దిగుతూనే ఉంటే అడగాల్సిందే, గట్టిగానే అడగాలి.

ఇప్పుడు 'ప్రొఫిషియెంట్' దగ్గరికొద్దాం. అమెరికాలో 2002 జనవరిలో సంతకమైన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 3 నుంచి 8 గ్రేడ్ల దాకా ఏటా రీడింగ్, మ్యాత్స్ పరీక్షలు పెట్టమంది. 2014 నాటికి నూటికి నూరు మందీ ప్రొఫిషియెంట్ కావాలంది. అయితే ఆ గీత ఎక్కడ గీయాలో మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకోవచ్చంది. ఏం జరుగుతుందో మీరే ఊహించండి. హైజంప్‌లో కర్ర ఎత్తు నిర్ణయించే పని గంతేసేవాళ్లకే అప్పజెప్పినట్టయింది.

ఆ గీత ఆకాశం నుంచి ఊడిపడదు. ఒక గదిలో టీచర్లు, నిపుణులు కూర్చుంటారు. ఒక్కో ప్రశ్న చదివి, 'ఆ స్థాయికి సరిగ్గా అంచున ఉన్న పిల్లవాడు దీన్ని చేయగలడా?' అని అంచనా వేస్తారు. ఆ అంచనాలు కలిపి కట్ స్కోరు తేలుస్తారు, పైవాళ్లు ఆమోదిస్తారు. పద్ధతి ప్రకారమే చేస్తారు, నేను తప్పుపట్టడం లేదు. కానీ అది మనుషులు పెట్టిన గీత అని మర్చిపోకూడదు.

న్యూయార్క్ సంగతి చూడండి. 2012లో 3 నుంచి 8 గ్రేడ్ల పిల్లల్లో మ్యాత్స్‌లో గీత దాటినవాళ్లు 65 శాతం, ఇంగ్లిష్‌లో 55 శాతం. 2013లో కొత్త సిలబస్‌కి తగ్గట్టు కఠినమైన పరీక్ష పెట్టారు. రెండింటిలోనూ 31 శాతానికి పడిపోయింది. ఒక్క ఏడాదిలో రాష్ట్రంలోని పిల్లల్లో మూడో వంతు మందికి ఎక్కాలు మర్చిపోయాయంటారా? గీత జరిగింది. ఆ ఏడాది రియల్ ఎస్టేట్ వెబ్‌సైట్లలో స్కూళ్ల అంకెలు చూసి గుండె ఆగినంత పనైనవాళ్లు ఎంతమందో.

గీత పెట్టి దాటినవాళ్లని మాత్రమే లెక్కపెట్టడంలో ఇంకో చిక్కుంది. గీతకి బాగా కింద ఉన్న పిల్ల ఏడాదంతా కష్టపడి సగం దూరం వచ్చిందనుకోండి. ఆ శాతంలో ఆమె జాడే ఉండదు. గీతకి చాలా పైన ఉన్నవాడు ఏడాదంతా ఏమీ నేర్చుకోకపోయినా శాతం తగ్గదు. శాతం కదలాలంటే కదలాల్సింది గీత అంచున ఉన్నవాళ్లే. టెక్సస్ స్కూళ్లలో వాళ్లకి 'బబుల్ కిడ్స్' అని పేరే పడింది. ప్రత్యేక క్లాసులు, చిన్న గ్రూపులు, స్కూలు అయ్యాక ట్యూషన్, అన్నీ వాళ్లకే. చికాగోలో డెరెక్ నీల్, డయాన్ షాన్‌జెన్‌బాక్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఇలాంటి పద్ధతి పెట్టాక మధ్యలో ఉన్న పిల్లల స్కోర్లు పెరిగాయి, అందరికంటే వెనకబడ్డ పిల్లలకి మాత్రం పెద్దగా ఒరిగిందేమీ లేదు. టీచర్ల మీద కోపం తెచ్చుకోకండి. ఏ అంకెని బట్టి జవాబు చెప్పుకోమంటే ఆ అంకె మీదే పని చేస్తారు ఎవరైనా.

మీలో చాలామందికి అసలు ప్రశ్న ఇది కాదని నాకు తెలుసు. 'ఏ స్కూలు మంచిది, ఇల్లెక్కడ కొనాలి?' అంతే కదా. వెబ్‌సైట్లో స్కూలు రేటింగ్ పదికి 9 ఉంటే ఒక ధర, 6 ఉంటే ఇంకో ధర.

స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ అనే పరిశోధకుడి బృందం దేశంలోని స్కూలు డిస్ట్రిక్టుల స్కోర్లన్నీ ఒకే కొలతలోకి తెచ్చి చూసింది. సగటు స్కోరుకీ, ఆ ప్రాంతంలో కుటుంబాల ఆదాయానికీ, తల్లిదండ్రుల చదువుకీ చాలా దగ్గరి సంబంధం కనిపించింది. మూడో గ్రేడ్‌లో పిల్లలు పరీక్షకి కూర్చునేసరికి తొమ్మిదేళ్ల బతుకు గడిచి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఇంట్లోనే. పుస్తకాలు చదివి వినిపించే అమ్మమ్మ, ప్రీస్కూలు, కళ్లద్దాలు అవసరమని ముందే పట్టుకునే డాక్టరు, ఇవన్నీ ఆ సగటులో ఉన్నాయి. పిల్లలు ఏడాదికి ఎంత నేర్చుకుంటున్నారన్నది వేరే లెక్క. దానికీ డబ్బుకీ సంబంధం చాలా బలహీనం. చికాగోనే చూడండి. మూడో గ్రేడ్‌లో అక్కడి పిల్లల సగటు దేశం సగటు కన్నా బాగా తక్కువ. మూడు నుంచి ఎనిమిదికి వెళ్లే అయిదేళ్లలో మాత్రం వాళ్లు సుమారు ఆరేళ్ల చదువు నేర్చుకున్నారు. సగటు మాత్రమే చూసేవాళ్లు ఆ ఛాయలకి కూడా వెళ్లరు.

అందుకని రిపోర్టులో 'గ్రోత్' అనే వరస వెతకండి. అదే పిల్లవాడు నిరుడు ఎక్కడున్నాడు, ఇప్పుడెక్కడున్నాడు, అతనితో సమానంగా మొదలైన మిగతా పిల్లలతో పోలిస్తే ఎలా ఉన్నాడు. ఇదీ ఊగిసలాడేదే, రెండు కొలతల్లోని పొరపాట్లూ ఇందులో కలుస్తాయి. అయినా స్కూలు చేసే పనికి సగటు కన్నా ఇదే దగ్గర. సగటు 9, గ్రోత్ 4 ఉన్న స్కూలు కన్నా సగటు 6, గ్రోత్ 8 ఉన్న స్కూల్లో నేనైతే నిశ్చింతగా చేర్పిస్తాను. ఇంటి ధర కూడా కాస్త కలిసొస్తుంది.

ఇంతసేపూ శాతాల గురించి మాట్లాడాను. ఇప్పుడు ఒక్క ప్రశ్న దగ్గరకి వెళ్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

మూడో గ్రేడ్ భిన్నాలు. 0 నుంచి 2 వరకు ఒక సంఖ్యారేఖ. పావు పావుకీ ఒక చిన్న గీత. 3/4 ఎక్కడుందో అక్కడ చుక్క పెట్టమన్నారు. ఒక పిల్లవాడు ఒకటిన్నర దగ్గర పెట్టాడు. తప్పు, సున్నా మార్కులు. ఎందుకలా పెట్టాడు? మొత్తం రేఖని ఒక రొట్టెలాగా చూసి, దాంట్లో ముప్పావు తీశాడు. రెండులో ముప్పావు ఒకటిన్నరే కదా. వాడికి ముప్పావు అంటే తెలుసు. తెలియనిదల్లా, ఇక్కడ 'ఒకటి' అంటే ఎంతవరకు అన్నది. ఇంకో అమ్మాయి సగం దగ్గర పెట్టింది. అదీ తప్పే, సున్నా మార్కులే. ఆమె సున్నా దగ్గరున్న గీతనే 'ఒకటి' అని లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడో గీత దగ్గర ఆగింది. పావులు ఎలా లెక్కపెట్టాలో తెలుసు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మూడో పిల్లవాడు విసుగొచ్చి ఎక్కడో ఒకచోట నొక్కేశాడు.

ముగ్గురికీ ఒకే సున్నా. మొదటివాడికి రెండు వేర్వేరు పొడవుల రేఖలు పక్కపక్కన గీసి చూపించాలి. రెండో అమ్మాయికి గీతల్ని కాదు, గీతల మధ్య గెంతుల్ని లెక్కపెట్టమనాలి. మూడోవాడిని కూర్చోబెట్టి మాట్లాడాలి. స్కోరు షీటు ఈ ముగ్గురినీ 'భిన్నాలు: స్థాయికి దిగువన' అనే ఒకే గడిలో పడేస్తుంది. పైగా రాష్ట్ర పరీక్ష ఫలితాలు వచ్చేసరికి తరచు వేసవి వచ్చేస్తుంది. ఆ టీచరు దగ్గర ఆ పిల్లలే ఉండరు.

ఇంకొకటి. 'రవి దగ్గర 12 పెన్సిళ్లున్నాయి. అవి సీత దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?' చాలామంది పిల్లలు 17 అంటారు. 'ఎక్కువ' అన్న మాట కనపడగానే కూడేయమని ప్రాక్టీసు షీట్లలో నేర్పించాం కాబట్టి. లెక్క చదవకుండానే మార్కు తెచ్చుకునే చిట్కా అది. చిట్కాలతో ఒకటి రెండేళ్లు స్కోరు పెరుగుతుంది. ప్రశ్న రూపం మారిన రోజున కిందికొస్తుంది.

రీడింగ్‌లో ఇదే సంగతి ఇంకో రూపంలో ఉంటుంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు కాస్త పెద్ద పిల్లలకి బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చి చదివించారు. రీడింగ్ పరీక్షల్లో వెనకబడ్డవాళ్లే అయినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, రీడింగ్‌లో ముందున్నా ఆట తెలియని పిల్లల కన్నా బాగా అర్థం చేసుకున్నారు. చదవడమంటే అక్షరాలతో అయ్యే పని మాత్రమే కాదు, విషయం తెలియాలి. మన స్కూళ్లు మరి ఏం చేశాయి? రీడింగ్ స్కోరు పెంచాలని సైన్స్, సోషల్ పీరియడ్లు కోసేసి, ఆ టైములో 'ప్రధానాంశం కనుక్కోండి' షీట్లు చేయించాయి. నన్నడిగితే ఇంతకన్నా తెలివితక్కువ పని లేదు. పేరాలో అగ్నిపర్వతం గురించి ఉంటే, అగ్నిపర్వతం పాఠం విన్న పిల్లే బాగా రాస్తుంది.

అంకె మీద ఒత్తిడి మరీ పెరిగితే ఏమవుతుందో అట్లాంటాలో చూశాం. 2011లో అక్కడి గవర్నరు నియమించిన దర్యాప్తు బృందం, 2009 పరీక్షల్లో 44 స్కూళ్లలో అక్రమాలు జరిగాయని తేల్చింది. 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటికొచ్చాయి. పట్టుబడింది ఎలాగంటే, జవాబు పత్రాలు చదివే యంత్రాలు చెరిపిన మరకల్ని కూడా లెక్కపెడతాయి. తప్పు జవాబు చెరిపి ఒప్పు దిద్దినవి కొన్ని తరగతుల్లో నమ్మశక్యం కానంతగా ఉన్నాయి. 2015లో కోర్టు విచారణ ముగిసేసరికి, దాన్ని ఎదుర్కొన్న 12 మందిలో 11 మంది దోషులని తీర్పొచ్చింది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లోనే హెచ్చరించాడు, ఒక కొలతని ఎంత ఎక్కువగా నిర్ణయాలకి వాడితే అది అంతగా చెడిపోతుందని.

అలాగని పరీక్షలు ఎత్తేయమని నేననను. ఈ పరీక్షలు రాకముందు స్కూలు మొత్తం సగటు బాగుంటే చాలు, అందులో పేద పిల్లలు, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎక్కడున్నారో అడిగేవాళ్లు తక్కువ. 2002 చట్టం ఏ గుంపు స్కోరు ఆ గుంపుకి విడిగా చూపించమంది. ఆ చట్టంలో మిగతావన్నీ తీసేసినా ఆ ఒక్క నిబంధన ఉంచాలంటాను. 2015లో వచ్చిన కొత్త చట్టం కూడా దాన్ని ఉంచింది. మహమ్మారి తర్వాత 2022లో దేశమంతటా కొందరు పిల్లల్ని ఎంచి పెట్టే జాతీయ పరీక్షలో నాలుగో గ్రేడ్ మ్యాత్స్ 5 పాయింట్లు, ఎనిమిదో గ్రేడ్ 8 పాయింట్లు పడిపోయిందని తెలిసిందంటే అందరికీ ఒకేలాంటి పరీక్ష ఉండబట్టే. ఆ పరీక్షలో ఏ స్కూలుకీ, ఏ పిల్లకీ స్కోరు ఇవ్వరు. అందుకే దాన్ని పాడుచేయాలనే ఆసక్తి కూడా ఎవరికీ లేదు.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: సార్, మా అమ్మాయి మూడో గ్రేడ్. 88వ పర్సంటైల్ వచ్చింది. గ్రేడ్ ఈక్వివలెంట్ 5.4 అని ఉంది. అయిదో గ్రేడ్ మ్యాత్స్‌లో కూర్చోబెట్టమని అడగొచ్చా?

జవాబు: ముందు అభినందనలు అమ్మా. 88వ పర్సంటైల్ అంటే 88 మార్కులని కాదు. పోల్చడానికి తీసుకున్న పిల్లల్లో 88 శాతం మంది కన్నా పైనున్నట్టు. 5.4 అంటే అయిదో గ్రేడ్ పాఠాలు వచ్చేసినట్టు కాదు. మూడో గ్రేడ్ పరీక్షని, అయిదో గ్రేడ్‌లో నాలుగు నెలలు చదివిన సగటు పిల్లవాడు రాస్తే ఎంత వస్తుందని అంచనా వేశారో, మీ అమ్మాయికి అంత వచ్చింది. ఆ పరీక్షలో అయిదో గ్రేడ్ పాఠాలు అడిగి ఉండకపోవచ్చు. టీచర్ని నాలుగో గ్రేడ్ యూనిట్ టెస్టు ఒకటి ఇమ్మనండి. మీ అమ్మాయి ఎక్కడ ఆగిందో, ఎందుకాగిందో చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: ప్రిన్సిపాల్‌తో మీటింగ్ ఉంటే ఏం అడగాలండీ? స్కోరు ఎందుకు తగ్గిందని అడిగితే డేటా చూపించి పంపేస్తున్నారు.

జవాబు: 'ఎందుకు తగ్గింది' అనకండి, దానికి వాళ్ల దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. నిరుడు మూడులో గీతకి దిగువన ఉన్న పిల్లలు నాలుగులో ఎక్కడున్నారని అడగండి. వాళ్లకి ఎవరు, వారానికి ఎన్నిసార్లు, ఏం నేర్పిస్తున్నారని అడగండి. సైన్స్‌కి రోజుకి ఎన్ని నిమిషాలని అడగండి. ఈ మూడింటికీ కాగితం చూడకుండా జవాబు చెప్పే ప్రిన్సిపాల్ దొరికితే, స్కోరు ఎంతున్నా ఆ స్కూలు వదలకండి.

ప్రశ్న: మా దగ్గర కొందరు పిల్లలతో పరీక్షే రాయించడం లేదు. ఆప్ట్ అవుట్ అంటున్నారు. దానివల్ల స్కూలుకి నష్టమా?

జవాబు: లెక్కలోకొస్తే నష్టమే. 2015లో న్యూయార్క్‌లో సుమారు 20 శాతం పిల్లలు రాయలేదు. ఇప్పటి ఫెడరల్ చట్టం ప్రకారం కనీసం 95 శాతం మంది రాయాలి. అంతకన్నా తగ్గితే, స్కూలు లెక్క కట్టేటప్పుడు హారంలో 95 శాతం మందిని వేయాల్సిందే. వంద మందిలో 80 మంది రాసి 60 మంది గీత దాటారనుకోండి. రాసినవాళ్లలో చూస్తే 75 శాతం. హారంలో 95 వేస్తే 63 శాతం. ఒకే స్కూలుకి ఒకే ఏడాది రెండు అంకెలూ వేర్వేరు చోట్ల కనిపించొచ్చు, రెండూ నిజమే. మీ పిల్లలతో రాయించాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఏ స్కూలు శాతం చూసినా ముందు దాని పక్కనే ఉండే, ఎంతమంది రాశారన్న వరస చూడండి.